మా నాయన బండికి కొత్త రంగు ఎందుకు వేయించలేదంటే

గత నెల మా మేనల్లుడు బెంగళూరు నుంచి నా ఫోనుకు ఒక ఫోటో పంపించాడు. అది 1990ల నాటి టాటామొబైల్ పికప్ బండి. మా ఇంటి ముందున్న బండికి తోబుట్టువు వంటిది. ఒంటి మీద ఒక్క సొట్ట లేదు, కుంకుమ రంగు అద్దంలా మెరుస్తోంది, బంపర్లకు క్రోమియం పూత, సీట్లకు తోలు తొడుగులు, వెనుక తొట్టిలో వార్నీషు పూసిన టేకు పలకలు. దాని యజమాని ఏడాదిన్నర పాటు ఒక షెడ్డులో ఉంచి, చివరి బోల్టు దాకా విప్పించి చేయించాడట. ఫోటో కింద మావాడు రాసిన మాట ఇది: "మామా, మన బండిని గూడా ఇట్ల చేపిచ్చింటే ఎంత బాగుండు!"

రెండు రోజులు నేను జవాబు రాయలేదు. డబ్బు లేక చేయించలేదని రాస్తే సరిపోయేది; అది అబద్ధమూ కాదు. నేనొక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ని. ఈ బండి కోసం నేను పెట్టుకున్న హద్దు లక్షన్నర రూపాయలు. కానీ అంతకు పదింతలు చేతిలో ఉన్నా ఆ ఫోటోలోని బండిలా చేయించేవాణ్ని కాదు. ఆ మాటను వాడి మనసు నొచ్చుకోకుండా చెప్పడం ఎలాగో తెలియకనే ఆగిపోయాను. పాత బండిని బాగుచేయడమంటే దాన్ని తిరిగి దాని పనిలో నిలబెట్టడమని, కొన్ననాటి రూపానికి వెనక్కి తీసుకుపోతే ముప్ఫై ఏళ్లు అది బతికిన బతుకును చెరిపేసినట్లేనని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఒక తప్పు చేసి, ఒక ప్రమాదం అంచు దాకా పోయి వచ్చిన తర్వాత ఏర్పడింది. అందులో నాకింకా తేలని సంగతులు కూడా ఉన్నాయి.

చీనీ కాయల బండి

మా ఊరు అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలో ఉంది. మా నాయన 1991లో ఈ బండిని కొన్నాడు. టెల్కో సంస్థ టాటామొబైల్ 206ను మార్కెట్లోకి తెచ్చింది 1988లో. అప్పటికి ఆ సంస్థకు టాటా మోటార్స్ అన్న పేరు ఇంకా రాలేదు. అంతకుముందు మా ఊళ్లో కాయలు యార్డుకు చేర్చాలంటే ఎద్దుల బండో, అద్దె ట్రాక్టరో, ఎవరి లారీలోనో ఒక మూల చోటో దిక్కు. 1948 సీసీ డీజిల్ ఇంజనూ, ముందర క్యాబినూ, వెనుక తొట్టీ ఉన్న ఈ బండి వచ్చాక, తెల్లవారుజామున తోటలో చీనీ కాయలు (బత్తాయిలు) నింపుకొని, ఎండ ఎక్కేలోగా అనంతపురం మార్కెట్ యార్డులో దించి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి అన్నం తినడం మా నాయనకు సాధ్యమైంది.

ఈ బండి పునాది మీదనే 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. సుమో అన్న పేరు టెల్కోను చాలాకాలం నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని, ఇంటిపేరులోని తొలి అక్షరాలను కలిపి పెట్టినది. రాయలసీమ అనగానే తెర మీద వరుసగా సుమోలు రావడం ఒక కాలంలో రివాజైపోయింది. ఆ సుమోకు అన్న వరసైన ఈ బండి మా జిల్లాలో చీనీ కాయలనూ, వేరుశనగ మూటలనూ, ఎరువుల బస్తాలనూ, పురిటికి పోయే ఆడబిడ్డలనూ మోసిందని మాత్రం ఎవరూ చూపించలేదు. మా వాళ్ల బతుకు ఎలా గడిచిందో తెలుసుకోవాలంటే ఆ తెరమీది సుమోల కంటే ఈ తొట్టిలోని గీతలే ఎక్కువ చెబుతాయని నేను నమ్ముతాను. ఈ చుట్టరికం వల్ల నాకొక మేలు కూడా జరిగింది. తొలినాళ్ల సుమోల్లో ఉన్నదీ ఈ 1948 సీసీ ఇంజనే కాబట్టి, దాని సామాన్లు గుజిరీ అంగళ్లలోనూ బెంగళూరు జేసీ రోడ్డులోనూ వెతికితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. క్యాబిన్ తలుపుల బిగింపులు, ముందరి గ్రిల్లు, అద్దాల రబ్బర్లు మాత్రం దొరకడం గగనమైంది.

నాయన పోయిన తర్వాత, 2011 నుంచి బండి మా కళ్లం పక్కన వేపచెట్టు కింద నిలబడిపోయింది. 2022 సంక్రాంతి సెలవుల్లో నేను దానికి బ్యాటరీ తగిలించి తిప్పబోయాను. నాయన కాలం నుంచి ఈ బండిని చూసిన మెకానిక్ భాయ్ నా చేయి పట్టుకొని ఆపాడు. "సారూ, ఇన్నేండ్లు పండుకున్నోన్ని తన్ని లేపగూడదు" అన్నాడు. ఆయన ఇంజను మీద ఉండే హీటర్ ప్లగ్గులు విప్పించి, ఒక్కొక్క సిలిండరులో రెండేసి చెంచాల నూనె పోయించి, మూడు రోజులు అలాగే వదిలేయమన్నాడు. నాలుగో రోజు పుల్లీ బోల్టుకు పానా పట్టించి ఇద్దరం మెల్లగా ఒత్తితే ఇంజను పావు చుట్టు తిరిగింది. ఆ పావు చుట్టు దగ్గర నాకు కలిగిన సంతోషం, మూడు నెలల తర్వాత ఇంజను మొదటిసారి స్టార్టయినప్పుడు కూడా కలగలేదు. ఎండి అతుక్కుపోయిన పిస్టన్ రింగులను స్టార్టరు మోటారు బలంతో ఒక్కసారిగా లాగి ఉంటే సిలిండరు గోడలు గీరుకుపోయేవని నేను పిల్లలకు చెప్పే ఘర్షణ పాఠంలోనే ఉంది. అయినా ఆ రోజు అది నాకు గుర్తు రాలేదు, భాయ్‌కి వచ్చింది.

ఎండా ఎరువూ చేసిన చేటు

పాత బండిని బాగుచేసుకునేవారికి దొరికే సలహాలు చాలావరకు తుప్పు గురించే ఉంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, నెలల తరబడి వానలు కురిసే చోట్ల అది నిజమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో మాత్రమే వాన పడే మా జిల్లాలో లెక్క వేరు. బండి అడుగు చట్రమైన చాసీ కింద పడుకొని సుత్తితో కొట్టి చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా గట్టిగా మోగింది. మా దగ్గర బండిని తినేది ఎండ. స్టీరింగు కీళ్ల బూట్లు, కమాన్ కట్టల బుష్షులు, రేడియేటర్ గొట్టాలు చేత్తో నలిపితే రొట్టె ముక్కల్లా విరిగాయి; వైర్ల తొడుగు ముట్టుకుంటే పెచ్చులుగా రాలింది; డాష్‌బోర్డు నడుమ మా చెరువు నేలలాగా పగుళ్లు పడ్డాయి.

తుప్పు ఒక్కచోటే కనిపించింది, అది కూడా వాన చేసింది కాదు. తొట్టి నేల రేకు అతుకుల్లో ఏళ్ల తరబడి రాలిన పొటాష్, డీఏపీ ఎరువుల పొడి ఇరుక్కుపోయి, రాత్రిపూట గాలిలోని కొద్దిపాటి తేమను పీల్చుకొని, ఆ రేకును అడుగు నుంచి నమిలేసింది. పై నుంచి చూస్తే గీతలు పడిన మంచి రేకు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగింది. పాడైన మేరకే కోసి, అంతే మందం గల రేకు అతికించి వెల్డింగు చేయించాను. పలుచని రేకుకు మామూలు ఆర్క్ వెల్డింగు పెడితే కాలి బెజ్జాలు పడతాయి కాబట్టి గ్యాసు వెల్డింగు చేసే మనిషిని వెతకవలసి వచ్చింది. రేకుకూ, పనికీ కలిపి రూ. 18 వేలు అయ్యాయి. తొట్టి మొత్తం మార్చమన్నవారు చెప్పిన ధర అందుకు మూడింతలు.

తుప్పు పట్టిన చిన్న బోల్టులూ క్లిప్పులూ ఒక డబ్బాకు నిండుగా పోగయ్యాయి. తుప్పు తీసే ఆసిడ్ సీసా కోసం నేను అనంతపురం బయలుదేరుతుంటే మా అమ్మ, "ఇత్తడి చెంబు తోమేదానికి ఏం వాడతాము నాయనా?" అని అడిగింది. హిందూపురం చింతపండు ఇంట్లో ఉండనే ఉంది. చిక్కటి పులుసులో వాటిని నాలుగు రోజులు నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, కడిగి, ఎండబెట్టి, వెంటనే నూనె రాశాను. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును మెల్లగా కరిగిస్తుంది. గంటల్లో కావలసిన పనికి రోజులు పట్టినా, బోల్టు మరలు దెబ్బతినవు. డబ్బాలోని వాటిలో ముప్పావు వంతు తిరిగి వాటి చోట్లకే చేరాయి. కొత్త బోల్టులకు పెద్ద ఖర్చేమీ కాదు. అయితే ఏ బోల్టు ఎక్కడిదో, ఎందుకు అంత పొడవుందో, ఏది ఎవరో మధ్యలో మార్చినదో తెలిసింది ఇలా చేతిలో పట్టుకొని తోమినందువల్లనే.

వైరింగు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చింది అక్కడే. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే హెడ్‌లైటు దగ్గర 10.9 మాత్రమే చేరుతున్నాయి. వోల్టేజీ పదో వంతు తగ్గితే ఫిలమెంటు బల్బు వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఎర్త్ కలిసే చోట్ల రంగూ మట్టీ గీకి, స్విచ్చు మీద భారం పడకుండా హెడ్‌లైట్లకు కరెంటు పంపే రిలేలు పెట్టి, లావుపాటి వైరు లాగిన తర్వాత పాత బల్బులే రోడ్డంతా వెలుగు పరిచాయి. ఎక్కువ వాట్ల బల్బులు వేయమని చెప్పినవారి మాట విని ఉంటే పాత స్విచ్చు కాలిపోయేది.

తలుపు లోపలి లెక్క

ఇక నేను చేసిన తప్పు. తొట్టి వెనుక తలుపు లోపలి వైపున మా నాయన మేకుతో గీసిన గీతలు ఉండేవి. యార్డుకు ఒక్క తడవ పోయి వస్తే ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. కాపు ముగిశాక ఆ వరుస చివర సంవత్సరం అంకె. 1994 నుంచి 2010 వరకు వరుసలు ఉండేవని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, వాటిని చూడడమే మానేశాను.

మొదటి ఏడాది నాలో కూడా కొత్తదనం మీద మోజు ఉండేది. టింకరును పిలిచి, తలుపు చూపించి, "లోపలా బయటా నున్నగా చెయ్యి" అని చెప్పి బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి అతడు గ్రైండరుతో పైనుంచి సగం దాకా తళతళలాడే ఇనుము తేల్చాడు. 1994 నుంచి 2001 దాకా ఉన్న వరుసలు పోయాయి. అతడి తప్పు అణువంతైనా లేదు. నేను చెప్పిన పని చెప్పినట్లు చేశాడు. నన్ను చూసి, "ఇంగ సగం రేపు చేస్తా సార్" అన్నాడు. వద్దని చెప్పి, పూర్తి కూలీ ఇచ్చి పంపించాను.

మిగిలిన సగంలో 2002వ సంవత్సరం వరుస ఉంది. అందులో గీతలు తొమ్మిదే. ఆ మరుసటి ఏటి వరుసలో ఏడు. ఆ రెండేళ్ల కరవులో బోర్లు ఎండిపోయి మా జిల్లాలో ఎన్ని చీనీ తోటలు కట్టెలకు పోయాయో మా వయసు వారందరికీ తెలుసు. మా తోట సగం కొట్టేసిన రోజు నాయన అన్నం తినలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ సంగతి మా ఇంట్లో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఈ రేకు మీద ఉంది. దానికి ముందు, తోట నిండుగా కాసిన ఏళ్లలో ఒక్కొక్క వరుస రేకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పాకేది. అవి ఇప్పుడు నా జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేవు, ఎన్ని గీతలో నేనెన్నడూ లెక్కపెట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి నా పద్ధతి మారింది. తీసేయడానికి ముందు అది ఏమిటో తెలుసుకోవాలి, తెలియకపోతే ఉంచాలి. క్యాబిన్ మీది రంగు సున్నంలా తెల్లబారి ఉంది. పూర్తిగా గీకి కొత్త రంగు వేయడానికి రూ. 45 వేలు అడిగారు. ఎండకు మాడిపోయేది రంగు పై పొర మాత్రమేనని, దాని కింద అసలు రంగు బతికే ఉంటుందని భాయ్ చెబితే, రబ్బింగ్ కాంపౌండు తెచ్చి, పాత నూలు పంచె ముక్కలతో ఆదివారాలు కూర్చొని రుద్దాను. ఆరు ఆదివారాలకు 1991 నాటి ముదురు నీలం బయటికి వచ్చింది. ఖర్చు రూ. 900 కూడా దాటలేదు. డ్రైవరు తలుపు మీద, నాయన మోచేయి ఆనించే చోట, రంగు అరిగి ఇనుము నునుపుదేరి ఉంది; అక్కడ మైనం మాత్రం పూశాను. ఇనుము బయటపడి తుప్పుకు దారి ఇచ్చే చోట్ల రెడ్ ఆక్సైడు వేసి, దగ్గరి రంగు అద్దాను. అతుకు అతుకులాగానే కనిపిస్తుంది. దాన్ని దాచాలని నేను ప్రయత్నించలేదు.

పొదుపు పనికిరాని చోటు

డబ్బు తక్కువగా ఉండడమే ఈ పనిలో నన్ను సరైన దారిలో పెట్టిందని నేను చాలామందితో అంటూ వచ్చాను. చేతిలో డబ్బుంటే మార్చేస్తాం. లేకపోతే అది ఎందుకు పాడైందో కూర్చొని చూస్తాం. ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఆ మాటను అన్నిచోట్లా నమ్మినందువల్ల 2023 ఎండాకాలంలో నేనొక మనిషి ప్రాణం మీదికి తెచ్చేవాణ్ని.

బ్రేకుల పని చేసినప్పుడు వీల్ సిలిండర్ల రబ్బర్లు మార్చాను, కొత్త నూనె పోశాను, గాలి తీశాను. వెనుక ఇరుసుకు పోయే రబ్బరు హోసు పైకి బాగానే కనిపించింది. దాని వెల రూ. 700. సరైన కొలత హోసు కోసం బెంగళూరు దాకా పోవాలి. బాగున్న దాన్ని మార్చడం నా పద్ధతికే విరుద్ధమనుకొని వదిలేశాను. నెల తిరక్కముందే, తొట్టిలో కాయలూ పక్క సీట్లో మా తోట చూసుకునే పెద్దాయనా ఉండగా, చెరువు కట్ట దిగే వాలులో పెడల్ దాదాపు నేల దాకా పోయింది. కింద గొర్రెల మంద దారి దాటుతోంది. వాటి వెనుక ఒక పిల్లవాడు. మిగిలిన కొద్దిపాటి బ్రేకు, చేతి బ్రేకు, రెండో గేరు కలిసి బండిని తుమ్మ పొదల్లోకి మళ్లించేలా చేశాయి. పిల్లవాడికీ మాకూ మధ్య ఇరవై అడుగులు ఉండి ఉంటుంది. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఇంగ నేను నడిచి పోతాలే అయ్యవారూ" అని దిగి, రెండు మైళ్లూ నడిచి పోయాడు. ఆయన మళ్లీ ఈ బండి ఎక్కడానికి ఏడాది పట్టింది.

హోసును నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, పగిలి ఉంది. రబ్బరు లోపలి నుంచి ముసలిదవుతుందని, బయటి చూపు దానికి సాక్ష్యం కాదని నాకు తెలియదని చెప్పలేను. తెలిసినదాన్ని ఏడువందల రూపాయల దగ్గర మరిచిపోయాను. బ్రేకు నూనె కూడా అంతే: గాలిలోని తేమను పీల్చుకుంటుంది, డాట్ 3 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా నిలబడాలి, తేమ చేరితే ఆ హద్దు 140కి దిగిపోతుంది. పైగా ఆ తేమే సిలిండర్లను లోపలి నుంచి తింటుంది. అదే వారం నాలుగు హోసులూ, మాస్టర్ సిలిండరూ, ఇనుప గొట్టాలూ మార్పించాను. టైర్లు కూడా మార్చాను. వాటి పక్క గోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. నా టైర్ల మీద 3209 అని ఉంది, అంటే 2009లో 32వ వారం. రోడ్డుకు ఆనే వైపు పువ్వులు అరగలేదని వాటినే నమ్ముకొని తిరుగుతున్నాను. బ్రేకులకూ టైర్లకూ కలిపి రూ. 46 వేలు అయ్యాయి. నా హద్దు అక్కడే దాటిపోయింది.

కాబట్టి నా అభిప్రాయాన్ని ఆ రోజు సవరించుకున్నాను. చూసేవారి కంటికి సంబంధించినవన్నీ పాతవిగా ఉండవచ్చు. ఎదుటివారి ప్రాణానికి సంబంధించిన ఏ భాగమూ పాతదనే గౌరవానికి అర్హం కాదు. అక్కడ అప్పు చేసైనా కొత్తది వేయాలి, లేదా బండిని చెట్టు కిందనే ఉంచాలి.

పొగ, చట్టం

మా బడిలోనే పనిచేసే ఒక సహోపాధ్యాయురాలు నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "పిల్లలకు కాలుష్యం పాఠం చెప్పి, ఆ బండిలో ఇంటికి పోతారా?" అని ఆమె నిష్ఠూరం లేకుండానే అడిగింది. బండ్ల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణాల వరుస 2000లో మొదలైంది. ఈ బండి దానికి తొమ్మిదేళ్లు పెద్దది. మొదటి పొగ పరీక్షలో 71 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత) చూపించింది. ఇటువంటి పాత డీజిల్ బండికి హద్దు 65. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లనూ ఇంధన పంపునూ పంపు షాపులో ఇచ్చి ఒత్తిడి సరిచేయించి, ట్యాంకు అడుగున పేరుకున్న జిగట మడ్డిని కడిగించిన తర్వాత 46కు దిగింది. ఈ పనికి రూ. 21,500 అయ్యాయి. 46 అంటే హద్దు లోపల ఉందని అర్థం, శుభ్రంగా ఉందని కాదు. కొత్త బండిని తయారుచేయడానికి కూడా ఇనుమూ బొగ్గూ కావాలి కదా అని వాదించవచ్చు, వాదించేవారున్నారు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వాదం నిలవదని నాకు అనిపిస్తుంది. నేను చేయగలిగింది దాన్ని కాపు రోజులకూ, వారానికి ఒకటి రెండు తడవలకూ పరిమితం చేయడం. బడికి నేనిప్పుడు బస్సులో పోతున్నాను.

చట్టం చూపు నాకు మరో విధంగా ఆలోచన కలిగించింది. 2021 జూలైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 20 వేల రూపాయల రుసుముతో విడిగా రిజిస్ట్రేషన్ ఇస్తారు. అయితే దాన్ని రోజువారీ అవసరాలకు గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద నడపకూడదు. ఆ లెక్కన మా బండికి యాభై ఏళ్లు నిండేది 2041లో, అప్పటికైనా కాయలు మోసే బండికి ఆ గౌరవం లేదు. అదే ఏడాది వచ్చిన తుక్కు విధానం, బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొనేవారికి రోడ్డు పన్నులో సొంత బండికి 25 శాతం, రవాణా బండికి 15 శాతం దాకా రాయితీ చూపించింది. ప్రదర్శనలో నిలబడడానికి ఒక దారి, కొలిమిలోకి పోవడానికి మరో దారి. ఈ రెంటికీ నడుమ, ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడి, పాసై, మళ్లీ పనికి పోయే ముసలి బండిది మూడో దారి. దాన్ని ఎవరూ మూయలేదు గానీ ఎవరూ పట్టించుకోనూ లేదు. నేను ఎంచుకున్నది అదే. నాయన పేరు నుంచి నా పేరుకు మార్చుకునే 31వ నంబరు ఫారంతో మొదలుపెట్టి కాగితాలన్నీ దారికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పని మొదలుపెట్టాలనుకునేవారు ముందు కాగితాలు చూసుకొని, తర్వాత పానా పట్టుకోవడం మంచిది. నేను వెనుకా ముందూ చేసి, బాగైన బండిని ఐదు నెలలు కళ్లంలోనే నిలబెట్టుకున్నాను.

నాకింకా తేలని సంగతి

మొత్తం ఖర్చు రూ. 1,71,000 దాటింది. మా ఆవిడ లెక్కల్లో గట్టిది. ఆ డబ్బుకు మంచి పాత టాటా ఏస్ వచ్చేదని, అది ఇంతకంటే తక్కువ డీజిల్ తాగి ఇంతకంటే నమ్మకంగా కాయలు చేర్చేదని ఆమె అంటుంది. అది నిజం. బండి విలువ దాని పనిలోనే ఉందని ఇంతసేపూ వాదించిన నేను, అదే పనిని మరొక బండి మేలుగా చేయగలిగినప్పుడు ఏమని సమాధానం చెప్పాలి? నాయన మీది మమకారం అంటే ఎవరూ కాదనరు. కానీ మమకారం ఒక్కటే అయితే ఆ ఫోటోలోని బండి యజమానికీ అది ఉండి ఉంటుంది; పైగా ఆయన ఏడాదిన్నర పాటు కొందరు టింకర్లకూ పెయింటర్లకూ కూలీ ఇచ్చాడు, వారి చేతిపనిని బతికించాడు. ఆయనది తప్పని నేనెలా అంటాను?

ఎంత ఆలోచించినా నాకు తోచింది ఇంత. ఏస్ కొని ఉంటే మంచి బండి వచ్చేది, షెడ్డుకు ఇచ్చి ఉంటే అందమైన బండి వచ్చేది; రెండింటిలోనూ నేను మెకానిక్ భాయ్ పక్కన రెండేళ్లు కూర్చొని ఉండేవాణ్ని కాదు. ఆయన చెవి ఆనించి ఏ నాజిల్ సరిగా కొట్టడం లేదో చెబుతాడు. ఒక్కొక్క గొట్టం బిగింపు వదులు చేసి, శబ్దం ఎక్కడ మారకపోతే అదే పాడైన సిలిండరని చూపిస్తాడు. ఆయన కొడుకులిద్దరూ ఈ పనిలో లేరు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఈ బండి నడిచినన్నాళ్లూ ఆయనకు తెలిసింది మరొకరికి తెలియడానికి ఒక కారణం ఉంటుంది. చెట్టు కిందో, ప్రదర్శనలోనో నిలబడితే ఆ కారణం పోతుంది. ఇది మా ఆవిడ లెక్కకు జవాబు కాదని నాకు తెలుసు. ఆమె కూడా నవ్వి ఊరుకుంటుంది గానీ ఒప్పుకోదు.

మేనల్లుడికి చివరికి నేను పంపింది వెనుక తలుపు లోపలి ఫోటో. పైన తళతళలాడే సగం, కింద తొమ్మిది గీతలు. సంగతంతా రాశాను. గంట తర్వాత వాడు ఫోన్ చేసి, ఆ గీతల్లో తాను తాతతో కలిసి యార్డుకు పోయిన తడవ ఏదై ఉంటుందని అడిగాడు. అది 2008 వేసవి. ఆ వరుస ఉంది, అందులో ఏ గీతో నాకు తెలియదు. దసరా సెలవులకు వస్తానన్నాడు. ఎడమ తలుపు అద్దాన్ని దించే పళ్ల చక్రం అరిగిపోయి అద్దం సగంలోనే నిలిచిపోతోంది. సామాను దొరికింది గానీ ఇంకా విప్పలేదు. వాడు వచ్చాక విప్పుదామని పాత పంచెలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టాను.